పేరు రాయించుకున్నావా?



మా వీధి నుంచి ఈ ఏడాది ముగ్గురు పిల్లలు పై చదువులకని విదేశాలు వెళ్లారు. పిల్లలు బయలుదేరే ముందు రోజు అనకాపల్లిలో ఇల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ముందు గదిలో రెండు సూట్‌కేసులు నోరు తెరుచుకుని ఉంటాయి. చేతి తాసుకి తగిలించి తూస్తారు. 23 కిలోలు దాటిందని ఆవకాయ డబ్బా తీసి పక్కన పెడతారు. ఎవరూ చూడకుండా వాళ్లమ్మ దాన్ని మళ్లీ దుప్పటి మడతల్లో దూరుస్తుంది. కందిపొడి, కారప్పొడి, మన ఊరి బెల్లం ముక్క. వీటన్నిటి పక్కనా ఒక డబ్బా నిండా మందుబిళ్లలు. జ్వరానికి, దగ్గుకి, విరేచనాలకి, ఒళ్లునొప్పులకి. పైన రబ్బరుబ్యాండు వేసి, "ఏడాది దాకా ఢోకా లేదు" అనుకుంటారు.

నేను ఆ డబ్బా చూసి ఒక్క మాటే అడుగుతాను. "ఇవి అయిపోయాక ఏం చేస్తావు బాబూ?"

"చూద్దాం లే పెద్దమ్మా" అంటాడు పిల్లాడు.

ఆ "చూద్దాం" గురించే ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

నేను 34 ఏళ్లు ఆరోగ్యశాఖలో పనిచేశాను. కశింకోట దగ్గర పల్లెల్లో ఏ.ఎన్.ఎం.గా చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా రిటైరయ్యాను. పాతవాళ్లు ఆ ఉద్యోగాన్ని హెల్త్ విజిటర్ అనేవారు. ఆ 34 ఏళ్లలో నేను వేసిన సూదులెన్నో లెక్కలేదు గానీ, అంతకంటే ఎక్కువగా చేసిన పని పేర్లు రాయడం. ఎండలో వెళ్లినా వానలో వెళ్లినా చంకలో సంచి, సంచిలో రిజిస్టరు. నెల తప్పిందని తెలిస్తే పన్నెండు వారాల్లోపు ఆ పిల్ల పేరు రాసేయాలి. బిడ్డ పుడితే బిడ్డ పేరు రాయాలి. "ఇంకా ఎవరికీ చెప్పలేదు నర్సమ్మా, దిష్టి తగులుద్ది, వచ్చే నెల రాసుకుందువు గాని" అని బతిమాలేవారు. నేను ఊరుకునేదాన్ని కాదు. పేరు రాయకపోతే రక్తం పరీక్ష లేదు, మాత్ర లేదు, కాన్పు నాటికి ఆ మనిషి ఉందని ఎవరికీ తెలియదు.

మునగపాక వైపు ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్త రోజులు. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైంది కదా, ఆ తరవాత రెండు మూడేళ్లకు. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలు నాలుగడుగులు వేస్తే ఆయాసపడిపోతోంది. గుండె కవాటం పాడైందన్నారు, విశాఖలో ఆపరేషన్ చేయాలన్నారు. పథకం ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. కార్డు తీసుకురమ్మన్నారు. తీరా చూస్తే పుట్టింటి తెల్లకార్డులో ఆ పిల్ల పేరు తీయించేశారు. అత్తింటి కార్డులో ఎక్కించలేదు. రెండిళ్ల మనిషి, ఏ ఇంటి కార్డులోనూ లేదు. వాళ్ల మామగారు తల పట్టుకుని, "ఒక్క మనిషి బియ్యం కోసం ఆఫీసు చుట్టూ ఏం తిరుగుతాంలే అని ఊరుకున్నామమ్మా" అన్నాడు. మూడు వారాలు తిరిగాక పేరు ఎక్కింది. ఆపరేషన్ జరిగింది, పిల్ల బతికింది. ఆ మూడు వారాలూ ఆ ఇంట్లో ఎవరైనా కడుపునిండా తిన్నారో లేదో నాకు తెలియదు.

దేశం మారడమూ అలాంటిదే. పుట్టింటి కార్డులోంచి పేరు పోతుంది. అత్తింటి కార్డులోకి మనం ఎక్కించుకోవాలి. వాళ్లంతట వాళ్లు ఎక్కించరు.

ఈ సంగతి ఇంత బాగా తెలిసిన నేనే నా కన్నకూతురికి చెప్పడం మరిచిపోయాను.

మా అమ్మాయి 2022 సెప్టెంబరులో ఇంగ్లండులో లెస్టర్ నగరానికి చదువుకని వెళ్లింది. వీసాకి దరఖాస్తు పెట్టేటప్పుడే ఆరోగ్య రుసుము కట్టించుకున్నారు. దాన్ని వాళ్లు ఇమ్మిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి అంటారు. 2015లో మొదలైనప్పుడు మామూలు వాళ్లకు ఏడాదికి 200 పౌండ్లు ఉండేది. పెంచుకుంటూ పోయి, 2024 ఫిబ్రవరి నుంచి 1,035 పౌండ్లు చేశారు. విద్యార్థులకు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు 776. ఇది నెలనెలా కట్టేది కాదు, వీసా ఎన్నాళ్లకిస్తారో అన్నాళ్లకూ ఒక్కసారే ముందుగా కట్టాలి. ఏడాది చదువుకు వెళ్లే పిల్లలకు వీసా ఇంకో నాలుగైదు నెలలు ఎక్కువ వస్తుంది కాబట్టి ఏడాదిన్నర లెక్క వేసి 1,164 పౌండ్లు తీసుకుంటారు. మన డబ్బులో లక్ష దాటుతుంది. ఉద్యోగానికి అయిదేళ్ల వీసా మీద వెళ్లే మనిషికి 5,175 పౌండ్లు. భార్యకి, పిల్లలకి మళ్లీ ఎవరిది వాళ్లదే. అక్కడి ఆస్పత్రుల్లో నర్సులుగా, డాక్టర్లుగా ఆరోగ్య వీసా మీద వెళ్లేవాళ్లకు మాత్రం ఈ రుసుము మినహాయించారు.

పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బులోంచి ఆరోగ్యానికని రుసుము కట్టాం కదా, ఇంక వైద్యం సంగతి వాళ్లే చూసుకుంటారనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. రుసుము కట్టడం వేరు, డాక్టరు దగ్గర పేరు రాయించుకోవడం వేరు. రుసుము కడితే హక్కు వస్తుంది. ఆ హక్కు వాడుకోవాలంటే, మీరుండే ప్రాంతంలో జి.పి. అని ఒక డాక్టరు ఉంటారు, ఆ క్లినిక్ రిజిస్టరులో పేరు చేరాలి. చేరాక పది అంకెల నంబరు ఒకటి వస్తుంది. ఆ తరవాత జలుబైనా, కడుపుతో ఉన్నా, మనసు బాగోకపోయినా మొదట ఆ తలుపే తట్టాలి.

మన దగ్గర అలా కాదు. కాలు నొప్పొస్తే మనమే ఎముకల డాక్టరు అని తేల్చుకుని విశాఖ బస్సెక్కేస్తాం. ఫీజు కడితే ఏ డాక్టరైనా చూస్తాడు. మందుల షాపులో అడిగితే యాంటీబయాటిక్ చేతిలో పెడతాడు, అదెంత తప్పో నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చెబుతూనే ఉన్నాను. అక్కడ జి.పి. ఉత్తరం రాస్తేనే పెద్ద డాక్టరు చూస్తాడు. అడగ్గానే షాపువాడు ఆ మాత్ర చేతిలో పెట్టడు. జేబులో డబ్బున్నా పనవదు. పేరుంటేనే పనవుతుంది. దీనికి మనవాళ్ల మనసు ముందుగా సిద్ధమై ఉండదు.

మా అమ్మాయి రెండు నెలలు పేరు రాయించుకోలేదు. కాలేజీ, పార్ట్‌టైమ్ పని, ఒక ఇంట్లో ఆరుగురు పిల్లలు. ఇంటి అద్దె కాగితం మరో పిల్ల పేరు మీద ఉంది. నవంబరులో చలి మొదలైంది. ఒక రాత్రి ఫోన్ చేసి, "నడుము నొప్పిగా ఉందమ్మా, చలిజ్వరం" అంది. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన డబ్బాలో మాత్రలు అయిదు రోజులుగా మింగుతోందట. "మూత్రం మంటగా ఉందా?" అని అడిగాను. ఉందంది. కిడ్నీకి చీము పడుతోందని నాకు గుండె ఝల్లుమంది. మర్నాడు దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళితే, నీ పేరు మీద ఇంటి చిరునామా కాగితం లేనిదే రాసుకోం అని పంపేశారు. జ్వరంలో నడిచి వెళ్లి, నడిచి వచ్చింది.

అది వాళ్ల రూలు కాదు. ఈ సంగతి మాకు తరవాత తెలిసింది, మీకు ముందే తెలియాలని నొక్కి చెబుతున్నాను. ఇంగ్లండులో జి.పి. దగ్గర పేరు రాయించుకోవడానికి చిరునామా రుజువు గానీ, గుర్తింపు కార్డు గానీ, వీసా కాగితం గానీ తప్పనిసరి కాదు. అడగొచ్చు, ఉంటే చూపించొచ్చు, లేదన్న కారణంతో మాత్రం తిప్పి పంపకూడదు. మా ప్రాంతం కాదనో, ఇక్కడ జాబితా నిండిపోయిందనో కాదనవచ్చు. అలా కాదంటే ఎందుకు కాదన్నారో పద్నాలుగు రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి ఈ సంగతి తెలియకపోవచ్చు. ఇరవైరెండేళ్ల పిల్ల, భాష కొత్త, ఊరు కొత్త, ఎదురుగా ఒకరు కాదంటే సరేనని తలవంచుకుని వచ్చేస్తుంది. మన పిల్లల్ని మనం అలాగే పెంచాం.

ఆ రాత్రి జ్వరం 103 దాటింది. ఇంట్లో ఉన్న పిల్లల్లో ఒకమ్మాయి 111కి ఫోన్ చేసింది. మన 104 లాగా అది సలహా చెప్పే నంబరు. 108 లాంటి అత్యవసర నంబరు అక్కడ 999. వాళ్లు వివరాలు అడిగి వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లమన్నారు. అక్కడ ఏడు గంటలు కుర్చీలో కూర్చుందట. తెల్లవారుజామున సెలైన్ పెట్టారు, మందు ఇచ్చారు, ఒక్క పౌండు అడగలేదు. ఆ ఏడు గంటలూ నేను ఇక్కడ నూకాంబిక అమ్మవారి పటం ముందు కూర్చున్నాను. వేలమంది పేర్లు రాసిన దాన్ని. సొంత బిడ్డ పేరు రాశారా లేదా అని ఒక్కసారి అడగలేదు.

నెమ్మదించాక ఇంకో క్లినిక్‌లో రాయించుకుంది. ఇప్పుడు చాలా క్లినిక్‌లకు ఆన్‌లైన్‌లోనే ఫారం నింపొచ్చు, పావుగంట పని. మా అమ్మాయి వీడియో కాల్ పెట్టుకుని నాతో మాట్లాడుతూ నింపింది. పుట్టిన ఊరు అన్న గడి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. పాస్‌పోర్టులో అనకాపల్లె అని చివర "ఇ" అనే ఇంగ్లీషు అక్షరంతో ఉంది, రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉన్నట్టు. పదో తరగతి సర్టిఫికెట్‌లో అనకాపల్లి అని చివర "ఐ"తో ఉంది, జిల్లా పేరులా. "ఏది రాయనమ్మా?" అంది. పాస్‌పోర్టులో ఏదుంటే అదే రాయమన్నాను. 

ఇది చిన్న విషయం అనుకోకండి. మన పేర్ల తంటా మనకే తెలుసు. ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు వెనక రాస్తారు. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి పేరంతా ఒకే గడిలో కుక్కేసి ఉంటుంది. వీసాలో ఒకలాగా, డాక్టరు రిజిస్టరులో ఇంకోలాగా పడితే ఒకే మనిషి రెండు మనుషులుగా నమోదైపోయే ప్రమాదం ఉంది. రక్తపరీక్ష ఒకరి పేరున, స్కానింగు ఇంకొకరి పేరున. అమెరికాలో అయితే పేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ల వీసా మీద "పేరు తెలియదు" అని అర్థం వచ్చే మూడక్షరాలు అచ్చేస్తారు, ఎఫ్.ఎన్.యు. అని. తల్లిదండ్రులు వెతికి వెతికి పెట్టుకున్న పేరు అలా తెలియనిదైపోతుంది. అందుకని బయలుదేరక ముందే, ఇక్కడే, పాస్‌పోర్టులో పేరు సరిగా ఉందో లేదో చూసుకోండి.

తరవాత మా అమ్మాయికి అక్కడే ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, నీళ్లోసుకుంది. అప్పుడు పేరు రాయించుకోవడం అంటే ఏమిటో నేను కళ్లారా చూశాను. నెల తప్పిందని తెలియగానే క్లినిక్‌కి చెప్పింది. పది వారాల్లోపు మంత్రసాని దగ్గర మొదటి అపాయింట్‌మెంట్. అక్కడ మిడ్‌వైఫ్ అంటారు. మన పన్నెండు వారాల లెక్కకు దగ్గరే, చూశారా. గర్భిణి అని ఒక ఫారం పంపితే మినహాయింపు సర్టిఫికెట్ ఇచ్చారు. మామూలుగా ఇంగ్లండులో చీటీ మీద రాసిన ఒక్కో మందుకు 9 పౌండ్ల 90 పెన్నీలు కట్టాలి, 2024 మే నుంచి ఆ ధర. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులో అయితే మందులు అందరికీ ఉచితం. ఈ సర్టిఫికెట్ ఉంటే ఇంగ్లండులోనూ కాన్పయిన ఏడాది వరకు మందులు ఉచితం, పళ్ల డాక్టరూ ఉచితం. అడగకపోతే ఎవరూ తెచ్చి ఇవ్వరు.

కాన్పుకి నేను ఆరు నెలల వీసా మీద వెళ్లాను. బిడ్డ పుట్టిన పన్నెండో రోజు కాబోలు, పొద్దున్నే తలుపు చప్పుడైంది. యాభై ఏళ్ల ఆవిడ. వానకు తడిసిన కోటు గుమ్మం దగ్గర తగిలించి, భుజాన సంచితో లోపలికి వచ్చింది. "హెల్త్ విజిటర్‌ని" అంది.

ఆ మాట విని నేను లేచి నుంచున్నాను. 

సంచిలోంచి తూకం యంత్రం తీసి నేల మీద పెట్టి, పైన కాగితం పరిచింది. బట్టలన్నీ విప్పి బిడ్డను పడుకోబెట్టింది. మా కాలంలో అంగన్‌వాడీ దూలానికి తాసు వేలాడదీసి, గుడ్డ ఉయ్యాల్లో బిడ్డను వేసి తూచేవాళ్లం. చెయ్యి మారలేదు, తాసు మారింది. ఒక ఎర్ర పుస్తకం తెరిచింది. అక్కడ బిడ్డ పుట్టగానే తల్లికి ఇస్తారు, అందరూ ఎర్ర పుస్తకం అనే అంటారు. అందులో గీతల పట్టిక. వారాలు అడ్డంగా, బరువు నిలువుగా. పెన్సిలుతో చుక్క పెట్టింది. మన తల్లీబిడ్డల రక్షణ కార్డులో నేను పెట్టిన చుక్కలు ఎన్ని! నేనూ ఇదే పని చేశానని మా అమ్మాయి చేత చెప్పించాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. 

తరవాత మా అమ్మాయి వైపు తిరిగి కూర్చుని, మెల్లగా అడిగింది. నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపొస్తోందా, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదా, బిడ్డను చూస్తే భయమేస్తోందా. మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు తెలియదు. పన్నెండు రోజులుగా ఒకే ఇంట్లో ఉండి పథ్యం వండి పెడుతున్నాను, నాకు తెలియలేదు. ఆవిడ ఆ రోజు గంటసేపు ఉంది, మళ్లీ వారం వచ్చింది. 34 ఏళ్లలో నేను బాలింతల్ని జ్వరం అడిగాను, రక్తస్రావం అడిగాను, పాలు పడుతున్నాయా అని అడిగాను. మనసెలా ఉందని అడిగింది చాలా తక్కువ. నా రిజిస్టరులో ఆ గడి లేదు.

ఈ వ్యవస్థ వాళ్లకు ఊరికే రాలేదు. వేల్స్‌లో ట్రెడెగర్ అని ఒక చిన్న ఊరు. అక్కడి బొగ్గుగని కూలీలు కూలిలోంచి కొంత పక్కన పెట్టి, ఒక సంఘం పెట్టుకుని, ఆ డబ్బుతో డాక్టర్లను పెట్టుకున్నారు. ఆ ఊళ్లో గని కూలీ కొడుకుగా పుట్టి, చిన్నప్పుడే తనూ గనిలోకి దిగిన అనూరిన్ బెవన్ ఆరోగ్య మంత్రి అయ్యాడు. మా ఊళ్లో ఉన్నది దేశమంతా ఎందుకు ఉండకూడదన్నాడు. 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. మనదీ తక్కువ కథ కాదు. 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన వేసిన కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేడన్న కారణంగా ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదని రాసింది. వాళ్లకంటే రెండేళ్ల ముందే. నేను జీతం తీసుకున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆ నివేదికలోంచి పుట్టిందే. వాళ్లు అందరికీ చేశారు, మనం కొంత చేసి ఆగిపోయాం. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, కింగ్ జార్జి ఆస్పత్రిలో పని నేర్చుకున్న డాక్టర్లు ఎంతమందో వెళ్లి ఆ సేవను భుజాన మోశారు. అక్కడ పేరు రాయించుకోవడం మనకు ఎవరో పెట్టే భిక్ష కాదు.

అక్కడ అంతా సవ్యంగా ఉందని కూడా చెప్పను. పెద్ద డాక్టరు కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా ఇంగ్లండులో చాలా పొడుగు. పన్ను నొప్పి వస్తే ప్రభుత్వ లెక్కన చూసే పళ్ల డాక్టరు దొరకడం చాలా కష్టం. కాబట్టి పళ్లు, కళ్లద్దాలు ఇక్కడ చూపించుకునే వెళ్లండి.

మిగతా దేశాల సంగతి కొంచెం చెబుతాను. కెనడాలో ఆరోగ్య బీమా కేంద్రానిది కాదు, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. 1962లో సస్కచ్వాన్ రాష్ట్రం మొదలుపెడితే మిగతావి నేర్చుకున్నాయి. కొత్తగా వచ్చిన వాళ్లను మూడు నెలలకు మించి ఆపకూడదని 1984 నాటి చట్టం చెబుతోంది. టొరంటో ఉన్న ఒంటారియోలో 2020 మార్చి నుంచి ఆ ఎదురుచూపు ఎత్తేశారు. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియాలో దిగిన నెల పోగా ఇంకా రెండు నెలలు ఆగాలి. ఆ మధ్యకాలానికి ప్రైవేటు బీమా కొనుక్కోవాలి. ఒంటారియోలో చదువుకునే మన పిల్లలు ప్రభుత్వ బీమాలోకి రారు, విశ్వవిద్యాలయం వాళ్ల బీమా ఉంటుంది. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు కనీసం ఆరు నెలల పూర్తికాలం ఉద్యోగం ఉండాలి. కార్డు వచ్చినా కుటుంబ డాక్టరు దొరకడం అక్కడ ఇంకో యజ్ఞం.

జర్మనీలో ఆరోగ్య బీమా లేనిదే విశ్వవిద్యాలయంలో సీటు నమోదు కాదు, అదే మంచిది, మరిచిపోయే వీలుండదు. 1883లో బిస్మార్క్ కాలంలో కార్మికుల కోసం పుట్టిన పద్ధతి అది. ముప్పై ఏళ్లు నిండిన విద్యార్థికి తక్కువ చందా వర్తించదని మాత్రం గుర్తుంచుకోండి.

గల్ఫ్ గురించి తొందరగా దాటిపోను, మన ఉత్తరాంధ్ర నుంచీ, గోదావరి, కడప జిల్లాల నుంచీ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లున్నారు. కువైట్‌లో సివిల్ ఐడీ అని ఒక గుర్తింపు కార్డు ఇస్తారు. మీ సివిల్ ఐడీలో ఏ ప్రాంతం చిరునామా ఉందో ఆ ప్రాంతం క్లినిక్‌కే వెళ్లాలి. ఆ కార్డు యజమాని బీరువాలో ఉంటే మీకు జ్వరమొచ్చిన రోజు మీరు ఎవరో ఆ క్లినిక్‌కి తెలియదు. కార్డు మీ దగ్గరే ఉండాలి. కనీసం ఫోటో తీసి ఊళ్లో మీవాళ్లకు పంపండి.

ఇక నా తోటి పెద్దవాళ్లకు ఒక మాట. మనవలను చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలం మనం. పిల్లలు రుసుము కట్టారు కదా, మనకూ వస్తుందనుకోకండి. పర్యాటక వీసా మీద వెళ్లినవాళ్లకు ఇంగ్లండులో జి.పి. చూడటం ఉచితమే, అత్యవసర విభాగంలో చూడటమూ ఉచితమే. ఆస్పత్రిలో చేర్చుకున్నారంటే మాత్రం అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. నాకు బి.పి. ఉంది. బీమా తీసుకునేటప్పుడు ఆ సంగతి దాచకుండా రాశాను. ప్రీమియం కొంచెం పెరుగుతుందని దాచేవాళ్లను చూశాను, తీరా అవసరం పడితే ఆ బీమా పనికిరాదు. కెనడా సూపర్ వీసాకైతే కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా చూపించాలి, ఏడాదికి తగ్గకుండా. అమెరికా గ్రీన్‌కార్డు వచ్చిందని ఇక్కడి ఇల్లు అమ్ముకుని వెళ్లే పెద్దవాళ్లు బాగా వినండి. అక్కడి మెడికేర్‌కి అరవై అయిదేళ్లు నిండాలి. తనో, భార్యో భర్తో అక్కడ పదేళ్లు పనిచేసి పన్ను కట్టి ఉండకపోతే, వరుసగా అయిదేళ్లు అక్కడ నివాసం ఉన్నాకే, అదీ నెలనెలా ప్రీమియం కట్టి కొనుక్కోవాలి.

భాష రాదని వెనకాడకండి. ఇంగ్లండులో డాక్టరు దగ్గర తెలుగు దుబాసీ కావాలని ముందే అడిగితే వాళ్లే ఏర్పాటు చేస్తారు, దానికి డబ్బు తీసుకోరు. ఆడవాళ్ల బాధ అల్లుడి చేత, కొడుకు చేత చెప్పించే అవస్థ ఉండదు.

సూట్‌కేసులో ఆవకాయకు చోటు చేసినట్టే ఒక ఫైలుకు కూడా చోటు చేయండి. పిల్లల టీకాల కార్డు, పుట్టినప్పటి బి.సి.జి. నుంచి. అక్కడి నర్సు మొదట అడిగేది అదే. పాత జబ్బులుంటే డిశ్చార్జి కాగితాలు. రోజూ వేసుకునే మందుల పేర్లు, కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, డాక్టరు చేత టైపు చేయించి సంతకంతో. మూడు నెలల మందులు. రక్తం గ్రూపు. ఏ మందు పడదో అది. వీటన్నిటికీ మన ఊరి జెరాక్స్ షాపులో వంద రూపాయలు కావు.

దిగిన మొదటి వారం మీరు వీడియో కాల్ చేస్తారు. అన్నం తిన్నావా, చలిగా ఉందా, గది చూపించు అంటారు. ఆ వరసలోనే ఇంకో మాట చేర్చండి. "డాక్టరు దగ్గర పేరు రాయించుకున్నావా?" లేదంటే ఫోన్ పెట్టనివ్వకండి. మీ ఎదురుగానే ఫారం నింపించండి. పావుగంట పడుతుంది.